కారు బుష్షు మెత్తగా ఉండడమే న్యాయం

మా పాలకొల్లు మెకానిక్ షెడ్లలో ఈమధ్య ఒక సలహా తరచుగా వినవస్తున్నది. కారు క్రింద బుష్షులు పోయినప్పుడు మళ్లీ ఆ రబ్బరువే ఎందుకు, పాలీయురిథేనువి వేయించుకోండి, ఇక జన్మలో చూసుకోనక్కరలేదు అని. వాడుకలో వాటిని పాలీ బుష్షులంటారు. వినేవారిలో నావంటి పింఛనుదార్లు ఎక్కువ. ఒక్కసారి ఖర్చుతో పీడ విరగడవుతుందంటే ఎవరికి ఆశ కలుగదు? అయినా ఈ సలహా సరియైనది కాదని నా నిశ్చితాభిప్రాయం. ఇంటిల్లిపాదీ రోజూ తిరిగే కారుకు, సుఖప్రయాణమే ప్రధానమైన కారుకు, తయారీదారు పెట్టిన రకపు రబ్బరు బుష్షే తగినది. ఎందుకో వివరించడానికే ఈ టపా.

వ్యాకరణం, ఛందస్సు వ్రాసుకొనే చోట ఈ ఇనుప సామాను గొడవ ఏమిటని బ్లాగ్మిత్రులు నొసలు చిట్లించవద్దు. బుష్షు చేసే పని నాకు చప్పున బోధపడినది వ్యాకరణం వల్లనే. "మా" అన్న పదం ప్రక్కన "అమ్మ" అన్న పదం వచ్చినదనుకోండి. రెండు అచ్చులు ఎదురుపడినవి. సంధి జరిగి ఒకటి తప్పుకోవడానికి వీలు లేదు. ఊరక ప్రక్కప్రక్కన పెడితే పలుకు తడబడుతుంది. అప్పుడు నడుమ ఒక యకారం వచ్చి కూర్చుంటుంది. "మాయమ్మ" అవుతుంది. దీనినే యడాగమం అంటాం. అది ముందరి పదాన్నీ మార్చదు, వెనుకటి పదాన్నీ మార్చదు. తనకంటూ వేరే అర్థమూ లేదు. రెండింటి నడుమ ఒరిపిడి లేకుండా చూడడమే దాని ఉద్యోగం. కారులో బుష్షు ఉద్యోగమూ అదే.

చక్రాన్ని కారు దేహానికి కలిపే ఇనుప చేతులు ఉంటాయి. నేటి చిన్న కార్లలో ఎక్కువవాటికి ముందు చక్రాలకు చెరియొక లోయర్ ఆర్మ్, వెనుక రెండు చక్రాలనూ కలుపుతూ అడ్డదూలం వంటి ఆక్సిలు ఉంటాయి. ఇవి దేహానికి తగులుకొనే చోట కీలు కావాలి గదా. ఆ కీలులో ఉండేదే బుష్షు. బయట ఒక ఉక్కు గొట్టం, లోపల మరొక సన్నని ఉక్కు గొట్టం, రెంటి నడుమ గట్టిగా అంటుకొని ఉన్న రబ్బరు. చక్రం పైకీ క్రిందికీ ఆడినప్పుడు ఆ రెండు గొట్టాలూ రాసుకోవు. నడుమనున్న రబ్బరే కొద్దిగా మెలితిరిగి, మళ్లీ యథాస్థితికి వస్తుంది. రాపిడి లేదు గనుక చప్పుడు లేదు, కందెన అవసరమూ లేదు. కొందరు మెకానిక్కులు వీటిని సైలెంట్ బ్లాకులనడం మీరు వినే ఉంటారు. ఒక వ్యాపారనామం నుంచి పుట్టినా ఆ పేరు సార్థకమైనది.

"కందెన వేయని బండికి కావలసినంత సంగీతం" అని మన సామెత. ఎడ్లబండి ఇరుసుకు ఆముదంలో మసి కలిపి కందెన పూసేవారు. అది ఎండిపోతే బండి వస్తున్న సంగతి ఊరందరికీ తెలిసేది. 2014లో ఉత్పత్తి ఆగిపోయిన అంబాసిడరు కారుకు సైతం ముందు చక్రాల కీళ్లలో వేళకు గ్రీజు ఎక్కించవలసి ఉండేది. ఈ కందెన బాధ నుంచి మనలను తప్పించినది రబ్బరు. అదీ పచ్చి రబ్బరు కాదు. అది వేసవిలో బంకవలె సాగుతుంది, చలికి బిరుసెక్కుతుంది. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ అనే ఆయన గంధకం కలిపి వేడిచేస్తే రబ్బరుకు ఈ రెండు దోషాలూ పోతాయని కనుగొన్నాడు. నేటి బుష్షుకు మూలం ఆ పాకమే.

ఇక మన రోడ్ల సంగతి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తియైన తరువాత డెల్టాలో కాలువలు విస్తరించినవి. అనేకచోట్ల కాలువగట్లే బాటలైనవి. క్రింద బంకపాలు ఎక్కువగా ఉన్న ఒండ్రుమట్టి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకొని బీటలు వారుతుంది. పైన తారు ఎంత నున్నగా పోసినా కొన్ని వానకాలాలు గడిచేసరికి రోడ్డు అలలు తేలుతుంది. దానికి తోడు కోతల కాలంలో ధాన్యపు ట్రాక్టర్లు, ఏడాది పొడుగునా చేపల లారీలు. లారీ నుంచి కారే ఐసు నీరు తారును దారి పొడుగునా నానబెడుతుంది. పాలకొల్లు నుంచి భీమవరం వెళ్లినా, మార్టేరు వెళ్లినా, చించినాడ వంతెన దాటి రాజోలు వైపు వెళ్లినా ఈ అనుభవం ఎంతో కొంత తప్పదు.

ఈ దారిలో కారుకు తగిలే దెబ్బలు రెండు విధాలు. రోడ్డు అలల వల్ల కలిగే పెద్ద ఊగు మొదటిది. దానిని సంబాళించేవి స్ప్రింగు, షాకబ్జర్బరు. రెండవది చిన్నది, కాని చురుకైనది. గుంత అంచు తగిలినప్పటి పోటు, సిమెంటు రోడ్డు అతుకుల టపటప, కంకర తేలిన చోటి గరగర ఈ కోవలోనివి. ఇవి స్ప్రింగు సర్దుకొనేలోపే ఆర్మ్ గుండా దేహంలోకి ప్రవేశిస్తాయి. టైరు దాటి వచ్చిన ఆ అదురును గుమ్మంలో నిలిపేది బుష్షు. రబ్బరుకు సాగే గుణమే గాక అదురును మ్రింగే గుణం కూడా ఉన్నది. మెలితిరిగినప్పుడు ఆ శక్తిలో కొంతభాగాన్ని వేడిగా మార్చి ఖర్చు చేస్తుంది.

మరొక సూక్ష్మం చూడండి. పనిలో నుంచి తీసిన లోయర్ ఆర్మ్ బుష్షులను పరిశీలిస్తే కొన్నింటి రబ్బరులో చంద్రవంకల వంటి ఖాళీలు కనిపిస్తాయి. రబ్బరు మిగుల్చుకోవడానికి పెట్టినవి కావవి. చక్రం గుంతలో పడినప్పుడు కొద్దిగా వెనుకకు జరిగి దెబ్బను కాచుకోవాలి. కాని మలుపులో ప్రక్కకు జరగరాదు, జరిగితే స్టీరింగు మాట వినదు. అందుచేత ఒక దిశలో మెత్తగా, మరొక దిశలో గట్టిగా ఉండేటట్లు ఆ రబ్బరును తీర్చిదిద్దుతారు. బరువైన కొన్ని కార్ల బుష్షులలో ద్రవం కూడా నింపుతారు. ఇంత లెక్క ఉన్న వస్తువును తీసివేసి, అన్ని దిశలలోనూ ఒకేవిధంగా బిరుసైన దిమ్మను పెట్టడం బాగుచేయడమెట్లా అవుతుంది?

పాలీయురిథేను మీద నాకు ద్వేషం లేదు. 1937లో జర్మనీలో ఓట్టో బేయర్ బృందం కనుగొన్న ఈ పదార్థం లోకానికి ఎంతో మేలు చేసినది. చెప్పుల అడుగుల నుంచి పరుపుల నురుగు దాకా దాని అవతారాలు అనేకం. అయితే బుష్షు విషయంలో దాని గుణం కాఠిన్యం. షోర్ ఏ అనే కొలమానంలో రబ్బరు బుష్షులు సుమారు 50 నుంచి 70 దాకా ఉంటే, పాలీ బుష్షులు సుమారు 70 నుంచి 95 దాకా ఉంటాయి. పందెపు కార్లకు ఇది వరమే. చక్రం వెంట్రుకవాసి కూడా జరగదు, స్టీరింగు చెప్పినట్లు వింటుంది. నూనె తగిలినా తొందరగా చెడదు.

కాని వాటిలో ఎక్కువ భాగం ఉక్కు గొట్టానికి అంటుకొని ఉండవు, దానిపై జారుతూ తిరుగుతాయి. జారాలంటే మళ్లీ కందెన కావాలి. అదీ సిలికాన్ జాతి ప్రత్యేకమైన గ్రీజు. మన కాలువగట్ల బురద, దుమ్ము లోపలికి చేరి ఆ గ్రీజు ఎండిందా, కిర్రుకిర్రుమని పాట మొదలవుతుంది. నూరేళ్ల పరిశ్రమతో వదిలించుకొన్న ఎడ్లబండి సంగీతాన్ని డబ్బిచ్చి ఇంటికి తెచ్చుకోవడమన్నమాట. బుష్షు అరగకపోవచ్చును. అది ఆపని అదురు మాత్రం మాయం కాదు. బోల్టులకూ, దేహపు అతుకులకూ, డాష్‌బోర్డుకూ, చివరికి కూర్చున్నవారి నడుముకూ చేరుతుంది. తాను అరిగిపోయి మనలను కాపాడడమే రబ్బరు ధర్మం. దానిని లోపమని ఎట్లా అనగలం?

పాలీ పనికివచ్చే సందర్భాలు లేకపోలేదు. ఉత్పత్తి ఆగిపోయిన పాత కారుకు అసలు రబ్బరు బుష్షు దొరకనప్పుడు, దుకాణంలో ఏళ్ల తరబడి పడి ఉండి బిరుసెక్కిన రబ్బరుకంటె పాలీలో మెత్తని రకం మేలు కావచ్చును. ముందు చక్రాల నడుమ ఉండే స్టెబిలైజర్ బారు బుష్షు కొంచెం గట్టిగా ఉన్నా ప్రయాణసుఖానికి కలిగే నష్టం తక్కువ. లోయర్ ఆర్మ్ విషయంలోనూ, వెనుక ఆక్సిలు విషయంలోనూ మాత్రం నేను ఒప్పుకోను.

రబ్బరు వేయించాలని నిశ్చయించుకొన్న తరువాత పాటించవలసిన జాగ్రత్తలు కొన్ని ఉన్నవి. మొదట రోగనిర్ణయం. స్పీడ్ బ్రేకరు దాటినప్పుడు టక్కుమన్నంత మాత్రాన బుష్షే పోయినదని అనుకోరాదు. స్టెబిలైజర్ లింకు, బాల్ జాయింటు, షాకబ్జర్బరు పైదిమ్మ కూడా అటువంటి చప్పుడే చేస్తాయి. బ్రేకు వేసినప్పుడు కారు ఒకవైపు లాగడం, టైరు ఒక అంచున అరగడం బుష్షు వైపు వేలు చూపే గుర్తులు. కారును పైకెత్తి, ఇనుప కడ్డీతో ఆర్మ్‌ను ఎగదోసి చూపించమనండి. రబ్బరుపై సన్నని పగుళ్లుంటే భయం లేదు. రబ్బరు లోహాన్ని వదలివేసినా, లోతుగా చినిగినా మార్చవలసిందే. వీటన్నింటికంటె ముందు టైరులో గాలి చూడండి. గాలి ఎక్కువైతే క్రొత్త బుష్షు కూడా మిమ్మల్ని కాపాడలేదు.

రెండవది కొనుగోలు. విజయవాడ ఆటోనగరుకు వెళ్లినా, ఊళ్లో కొన్నా, కారు తయారీదారు పేరిట వచ్చే సరుకైనా, ఆ తయారీదారుకు సరఫరా చేసే సంస్థ సరుకైనా తీసుకోండి. పార్టు నంబరు సరిచూసుకోండి. ఆకారం ఒక్కటే అయినంత మాత్రాన లోపలి రబ్బరు ఒక్కటి కాదు. వాడిన రబ్బరుతో తిరిగి తయారుచేసిన నకిలీ సరుకు చూపుకు నల్లగా నిగనిగలాడుతుంది, కొన్నాళ్లకే చినుగుతుంది. బాల్ జాయింటు కూడా వదులైతే బుష్షు ఒక్కటే కొనక ఆర్మ్ మొత్తం మార్చడం మేలు. ఏది మార్చినా రెండు వైపులా ఒకేసారి మార్చాలి.

మూడవది బిగింపు. మంచి బుష్షులు కూడా అకాలమరణం పాలయ్యేది ఇక్కడే. బుష్షును ప్రెస్సు యంత్రంతో ఎక్కించాలి, సుత్తితో కొట్టరాదు. ఖాళీల దిశ, ఆర్మ్‌పై గుర్తు కలవాలి. అన్నింటికంటె ముఖ్యమైనది, కారు గాలిలో వ్రేలాడుతుండగా బోల్టులను చివరి బిగింపు బిగించరాదు. చక్రాలు నేలపై ఆని, కారు బరువు వాటిపై పడిన తరువాతనే బిగించాలి. లేకపోతే రబ్బరు వ్రేలాడే భంగిమలోనే బందీ అయిపోతుంది. క్రిందికి దించిన క్షణం నుంచి నిలబడి ఉన్నప్పుడు కూడా మెలితిరిగే ఉంటుంది. అట్టి బుష్షు త్వరగా చినుగుతుంది. అప్పుడు "రబ్బరింతేనండీ, పాలీ వేద్దాం" అన్న మాట వినవలసి వస్తుంది. నేరం చేతిది, నింద రబ్బరుది. పని పూర్తికాగానే వీల్ ఎలైన్‌మెంటు చేయించడం మరువవద్దు.

నాలుగవది పోషణ. సర్వీసింగు పేరిట కారు అడుగున డీజిలో, వాడిన ఇంజిన్ ఆయిలో చిమ్మే అలవాటు కొన్ని చోట్ల ఉన్నది. తుప్పు పట్టదని వారి నమ్మకం. ఆ నూనె రబ్బరును ఉబ్బించి మెత్తబరచి చంపుతుంది. ఇరుసుకు అమృతమైన కందెన బుష్షుకు విషం. ఈ ఒక్క మాట మీ షెడ్డువారికి గట్టిగా చెప్పండి.

చివరగా, నాకు ముఖ్యమని తోచిన మాట. గట్టి బుష్షు వేసిన కారు "టైట్‌గా ఉంది" అని మెచ్చుకొనేవాడు ఎప్పుడూ స్టీరింగు పట్టినవాడే. వాని చేతిలో చక్రం ఉన్నది, ముందు గుంత కనిపిస్తున్నది, దేహం దానికి ముందే సిద్ధపడుతుంది. వెనుక సీటులో కూర్చున్న ముసలమ్మకు గుంత కనిపించదు. ఆపరేషను చేయించుకొని రాజమండ్రి నుంచి ఇంటికి వస్తున్న రోగికి, నెలలు నిండిన ఆడపిల్లకు ప్రతి అదురూ ముందు చెప్పకుండా వచ్చేదే. ఆక్సిలు బుష్షులు ఉండేదీ ఆ వెనుక భాగంలోనే. షెడ్డులో బుష్షు ఎంచేటప్పుడు వీరెవరూ అక్కడ ఉండరు, వీరి అభిప్రాయం ఎవరూ అడగరు. కారు కుటుంబానిదైనప్పుడు ఎంపిక వెనుక సీటు పక్షాన జరగాలి. కొన్నేళ్లకొకసారి రబ్బరు మార్చడానికయ్యే ఖర్చును నేను వారి నడుముకు కట్టే అద్దె అనుకుంటాను. అది ఎక్కువని నాకు ఎన్నడూ తోచలేదు.

మీ ఊళ్లలో మీరు ఏవి వేయించుకొన్నారో, ఎన్నాళ్లు మన్నినవో వ్యాఖ్యలలో వ్రాయగలరు. పాలీ పక్షం వారికి కూడా సాదర స్వాగతం. అయితే వ్రాయబోయే ముందు ఒక్కసారి వెనుక సీటులో కూర్చుని భీమవరం దాకా వెళ్లి రావలసిందిగా ప్రార్థన.