మాట నేర్పే చదువు మనకెందుకు?

మాట రాని బిడ్డను ఊళ్ళో మూగోడంటారు. చాలామంది విషయంలో లోపం నోటిది కాదు, చెవిది. వినపడని బిడ్డకు మాట రాదు. మార్కాపురం, గిద్దలూరు పల్లెల్లో ఇట్లాంటి పిల్లలు మొద్దులన్న పేరు మోసి, బడి మానేసి గొర్రెల వెంట పోవడం పంతుళ్ళుగా మేం చూస్తున్నదే.

2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక, లక్షలు ఖర్చయ్యే కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్ పేద బిడ్డలకూ ఉచితంగా అందింది. మంచిదే. అయితే ఆ మిషన్ శబ్దాన్ని చేరుస్తుందే గానీ మాట నేర్పదు. నేర్పాల్సింది స్పీచ్ థెరపిస్టు. నెలల తరబడి, వారం వారం కూర్చోబెట్టి వినిపించాలి, పలికించాలి. అదీ లేత వయసులోనే బాగా సాగుతుంది. థెరపిస్టులేమో ఎక్కువగా పట్నాల్లోనే ఉన్నారు. కూలికి పోతేనే పొయ్యి వెలిగే తల్లిని వారం వారం గుంటూరు రైలెక్కమంటే యాడ ఎక్కుద్ది?

ఇంకో సంగతి. బిడ్డకు ముందు రావాల్సింది అమ్మ మాట, వాడ మాట. మన యాసే తప్పని దిద్దేవాడి చేతిలో పడితే ఆ బిడ్డ రెండోసారి మూగవుతాడు.

పిల్లల సంగతి ఇట్లుంటే పెద్దల సంగతేంది? మార్కాపురం పలకల మీద ఎందరో పిల్లలు అక్షరాలు దిద్దారు. ఆ రాయి కోసే మిషన్ల మోతలో ఏళ్ళ తరబడి నిలబడితే చెవి లోపలి కణాలు చచ్చిపోతాయి, మళ్ళీ పుట్టవు. మోత వల్ల వచ్చే చెవుడు చట్టం గుర్తించిన వృత్తి జబ్బు. కానీ పరీక్ష చేసి ఆడియోగ్రామ్ చేతికిచ్చే ఆడియాలజిస్టు లేకపోతే, పరిహారం హక్కు కాస్తా కూలివాడి ఖర్మగా మారిపోతుంది.

ఈ రెండు పనులూ నేర్పే డిగ్రీ ఒకటే: బి.ఏ.ఎస్.ఎల్.పి. చివరి ఏడాది ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్ళు. ఇంటర్లో బైపీసీ వాళ్ళూ, ఎంపీసీ వాళ్ళూ చేరవచ్చు. మైసూరులో 1965లో పెట్టిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఉంది. సికింద్రాబాదులో అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. రెండూ కేంద్ర ప్రభుత్వానివే. ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 7.5 శాతం సీట్లు మన హక్కు. ఇంజనీరింగు, బీఎడ్డు తప్ప వేరే దారి లేదనుకునే మన ఇళ్ళకు ఈ కబురు ఎవరు మోయాలి? ముందు మెట్టెక్కిన మనమే మోయాలి.

బాబాసాహెబ్ 1920లో పెట్టిన తొలి పత్రిక పేరు 'మూక్‌నాయక్'. మూగవాళ్ళ నాయకుడు. నోరున్నా మాట్లాడనివ్వని జనం కోసం ఆయన ఆ పేరు పెట్టాడు. ఆ జనంలో నిజంగానే మాట రాని బిడ్డ అందరికన్నా వెనకున్నాడు.

మార్కాపురం, గిద్దలూరు ప్రభుత్వాసుపత్రుల్లో స్పీచ్ థెరపిస్టు, ఆడియాలజిస్టు శాశ్వత పోస్టులు ఉండాలని కొట్లాడదాం. ఆ కుర్చీలో కూర్చోవడానికి మన బిడ్డల్ని ఈ ఏడే పంపుదాం. జై భీమ్!