ఒక్క స్టేషన్ ముందు దిగండి!

దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట, ఎల్బీనగర్ అన్నలారా, అక్కలారా!

జిమ్‌లో చేరమని చెప్పడానికి ఈ కాగితం మీ చేతిలో పెట్టడం లేదు. తెల్లారి అయిదింటికి అలారం పెట్టుకోమనీ అనం. అలా మొదలుపెట్టి నాలుగో రోజుకే బూట్లు మంచం కిందికి తోసేసినవాళ్ళు ప్రతి అపార్ట్‌మెంట్లోనూ ఉన్నారు. మేం అడిగేది వేరు. ఆఫీసుకో, కాలేజీకో, షాపుకో రోజూ ఎలాగూ పోయి వస్తున్నారు. ఆ దారిలో ఓ ముక్క మీ కాళ్ళకు వదిలేయండి.

2018 సెప్టెంబర్ 24న అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో మొదలైంది. మన వైపున్న స్టేషన్లు దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఎల్బీనగర్. ఒకదాన్నుంచి ఇంకోదానికి కిలోమీటరు పైచిలుకు. కాస్త చురుగ్గా అడుగేస్తే పావుగంట. ఎల్బీనగర్‌లో ఇల్లున్నవాళ్ళు పొద్దున విక్టోరియా మెమోరియల్ దాకా నడిచి రైలెక్కండి. సాయంత్రం అక్కడే దిగి నడిచి రండి. వారానికి అయిదు రోజులు లెక్కేసుకుంటే 150 నిమిషాలు. పెద్దవాళ్ళు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒళ్ళు కదిలించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. అందులో కనీస వాటా మీ ఆఫీసు దారిలోనే తీరిపోయింది, విడిగా టైం తీయనక్కర్లేదు!

ఆ సంస్థే ఇంకో మంచి మాట కూడా చెప్పింది. ఏకబిగిన పది నిమిషాలైనా నడిస్తేనే లెక్కలోకి వస్తుందన్న పాత షరతును అప్పుడే తీసేశారు. మూడు నిమిషాలు నడిచినా లెక్కే, మెట్లెక్కినా లెక్కే. ఇక ఫోన్లలో అందరూ చూసుకునే ఆ పదివేల అడుగుల సంగతంటారా, అది డాక్టర్లు తేల్చిన అంకె కాదు. 1965 ప్రాంతంలో జపాన్‌లో ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే యంత్రం అమ్ముకోవడానికి పెట్టిన పేరు. పదివేలు దాటలేదని దిగులుపడి అసలుకే మానేయకండి.

నడిస్తే ఏమొస్తుందనేవాళ్ళకు లండన్ బస్సుల కథ చెప్పాలి. మన సిటీలోనూ ఒకప్పుడు డబుల్ డెక్కర్లు తిరిగాయి కదా, అలాంటివే. జెర్రీ మోరిస్ అనే డాక్టర్ ఆ బస్సుల డ్రైవర్లనూ కండక్టర్లనూ పోల్చి చూసి 1953లో ఫలితాలు అచ్చువేశారు. ఇద్దరిదీ ఒకే బస్సు, ఒకే దారి. కానీ రోజంతా సీట్లో కూర్చున్న డ్రైవర్లకంటే, టికెట్ల కోసం కిందికీ పైకీ మెట్లెక్కి దిగిన కండక్టర్లకు గుండెజబ్బులు బాగా తక్కువ. ఆ కండక్టర్లెవరూ వ్యాయామం చేస్తున్నామనుకోలేదు. డ్యూటీ చేశారు, అంతే.

మన దగ్గర గుండెజబ్బులతో పాటు షుగర్ కూడా ఒకటి. దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉందని ఐసీఎంఆర్ చేయించిన సర్వే 2023లో తేల్చింది. కాళ్ళ కండరాలు కదిలినప్పుడు రక్తంలోని చక్కెరను తమంతట తామే లాక్కుంటాయి, ఇన్సులిన్ కోసం ఎదురుచూడవు. తిన్నాక నూరడుగులు వేయమని నాయనమ్మలు అన్నది ఊరికే కాదు. రాత్రి భోంచేసి టీవీ ముందు కూలబడే ముందు సందు చివరిదాకా పోయి రండి.

కోచింగ్ సెంటర్ల తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఉదయం క్లాసు, మధ్యాహ్నం స్టడీ రూం, రాత్రి హాస్టల్ మంచం. గ్రూప్స్‌కో బ్యాంక్ పరీక్షకో రెండేళ్ళు చదివితే, ఉద్యోగం కంటే ముందు నడుంనొప్పి వస్తోంది. కరెంట్ అఫైర్స్ చెవిలో పెట్టుకుని వినేవే కదా, గదిలో కాకుండా కాలనీ లోపలి రోడ్ల మీద నడుస్తూ వినండి. మెయిన్ రోడ్డు మీద మాత్రం చెవుల్లో ఏమీ పెట్టుకోవద్దు.

బండి ఉన్నవాళ్ళకు ఒక విన్నపం. కొత్తిమీర కట్ట కోసం స్కూటీ తీస్తారు. షాపు రోడ్డుకు అవతల ఉంటుంది. మధ్యలో మెట్రో పిల్లర్లు, డివైడర్. యూటర్న్ ఎక్కడో ముందు. సిగ్నల్ దగ్గర నిలబడి, తిరిగి, పార్కింగ్ వెతుక్కుని, తిరుగుప్రయాణంలో మళ్ళీ అదే తతంగం. ఈలోపు కూర మాడిపోతుంది! స్టేషన్ మెట్లెక్కి అవతలికి దిగితే అయిపోయేది. చాలామందికి తెలియని సంగతేమిటంటే, గేటు లోపలికి పోనంతవరకు టికెట్ అక్కర్లేదు, ఆ వంతెన అందరిదీ. మోకాళ్ళు బాగున్నవాళ్ళు ఎస్కలేటర్ వదిలి మెట్లెక్కండి. మోకాళ్ళ నొప్పి, గుండెజబ్బు ఉన్నవాళ్ళు ముందు డాక్టర్నడిగి మొదలుపెట్టండి.

“నడుస్తాం సరే, ఎక్కడ నడవాలి?” అని మీరడుగుతారని తెలుసు. న్యాయమైన ప్రశ్న. ఫుట్‌పాత్ మీద అడ్డంగా నిలిపిన బైకులు, షోరూంల బోర్డులు, జనరేటర్లు, షాపు మెట్లు. వాటిని తప్పించుకుని రోడ్డు మీదికి దిగితే వెనకనుంచి హారన్. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 32 వేల మందికి పైగా పాదచారులు చనిపోయారు. ఈ లెక్క భయపెట్టడానికి కాదు, కోపం రావడానికి. ఫుట్‌పాత్ మీద నడవడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 2025 మే నెలలో చెప్పింది.

అయితే ఒక మాట స్పష్టంగా చెప్తున్నాం. పండ్ల బండి, మిర్చి బండి మీదికి ఆ కోపాన్ని తిప్పకండి. వాళ్ళ బతుకుదెరువుకు 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం అండ ఉంది, వాళ్ళకు సరైన చోటు చూపించాల్సింది కార్పొరేషన్. లోపల వేల గజాల షోరూం పెట్టుకుని, వచ్చినవాళ్ళ బండ్లను ఫుట్‌పాత్ మీద పెట్టించేవాళ్ళ సంగతి ముందు తేల్చాలి. నడిచేవాళ్ళు పదిమందే అయితే ఎవరూ పట్టించుకోరు. వెయ్యిమందైతే ఆ బోర్డులు అవే లోపలికి పోతాయి.

అందుకే ఈ సోమవారం నుంచి ఒక్క స్టేషన్ ముందు దిగండి. బస్సువాళ్ళయితే ఒక స్టాప్ ముందు. దారిలో ఫుట్‌పాత్ మూసుకుపోయిన చోటల్లా ఫోన్లో ఫొటో తీయండి, పక్కనున్న మెట్రో పిల్లర్ నంబరు కూడా పడేలా. “ఏ చోటు?” అని ఎవరూ తప్పించుకోలేరు. కాలనీలో అయిదారుగురు కలిసి ఆ ఫొటోలతో వార్డు ఆఫీసుకు వెళ్ళి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రసీదు అడిగి తీసుకోండి. వార్డు ఆఫీసుకు నడిచే వెళ్ళండి.

ఇట్లు,
మీతో పాటు నడిచేవాళ్ళు

(చదివాక పక్కింటివాళ్ళకివ్వండి. ఫుట్‌పాత్ మీద మాత్రం పారేయకండి, అక్కడ ఇప్పటికే చోటు లేదు.)