ఎవురింటికాడికి పోవల్ల?

2020 సెప్టెంబరు 10న బెంగళూరు నగరపాలక సంస్థ, అంటే బీబీఎంపీ పాలకవర్గం గడువు తీరింది. 2025 సెప్టెంబరు 2న ఆ బీబీఎంపీయే లేకుండా పోయింది. దాని చోట గ్రేటర్ బెంగళూరు అథారిటీ, దాని కింద మధ్య, తూర్పు, పడమర, ఉత్తర, దక్షిణ అంటూ అయిదు కార్పొరేషన్లు వెలిశాయి. ఈ రెండు తేదీల నడుమ అయిదేళ్లలో కార్పొరేషన్‌కు ఒక్క ఎన్నికా జరగలేదు. జనం ఓటేసి పంపిన మనిషి ఒక్కడూ లోపల లేని వేళ చూసి, ప్రసూతి ఆసుపత్రులు, పేటల్లోని ఆరోగ్య కేంద్రాలు, ఊరు ఊడ్చే వేల చేతులు, వికలాంగుల సాయం, పేదలకు ఇల్లు కట్టుకునే గ్రాంటు అన్నీ కలిపి అయిదు వాటాలు వేశారు. ఆస్తి పంపకానికైనా పెద్దమనిషిని పిలుస్తారు కదయ్యా!

గీతలు గీయడానికి మాత్రం ఏనాడూ ఓపిక తగ్గలేదు. 198 వార్డులను 243 చేశారు. ప్రభుత్వం మారింది, కాదు 225 అన్నారు. ఊరిని చీల్చాక 369 అన్నారు. ఆరు వారాల్లో ఎన్నికలు పెట్టమని 2020 డిసెంబరులో హైకోర్టు చెబితే, సుప్రీంకోర్టుకు పరుగెత్తి స్టే తెచ్చుకున్నారు. గడువు తీరకముందే ఎన్నికలు పూర్తి కావాలని రాజ్యాంగం 243-యు అధికరణంలో రాసుకుంది. రాసుకుంటే ఏం? అప్పుడు బీజేపీ, తర్వాత కాంగ్రెస్. పొద్దున లేస్తే ఒకరి మొహం ఒకరు చూడనివాళ్లు ఈ ఒక్క పనిలో ఎంత ఒద్దికగా ఉన్నారో! ఇదేమీ కొత్త అలవాటూ కాదు. 2006లో పాలకవర్గం దిగిపోయాక, చుట్టుపక్కల పురపాలికలనూ 110 ఊళ్లనూ కలిపి బీబీఎంపీ చేసినప్పుడు కూడా 2010 దాకా అధికారులే ఏలారు.

మధ్యలో కరోనా వచ్చింది. 2021 ఏప్రిల్, మే నెలలు ఈ ఊళ్లో ఎవరికైనా మరపుకొస్తాయా? మంచం కోసం రాత్రంతా ఫోన్లు. ఆ మంచాలు అమ్ముడుపోతున్నాయన్న గోల లేచింది. లెక్క అడగాల్సిన ప్రజారోగ్య స్థాయీ సంఘం అప్పటికి లేదు. ఒక ఎంపీ కార్పొరేషన్ కరోనా వార్ రూముకు వెళ్లి కెమెరాల ముందు అక్కడి చిన్న ఉద్యోగుల పేర్లు చదివాడు, అందులోనూ ఒకే మతంవాళ్ల పేర్లు. అడగాల్సిన చోట అడిగేవాళ్లు లేకపోతే ఇలాంటి తంతులే మిగులుతాయి.

శాసనసభ ఉంది కదా అంటారు. ఉంది. 2024లో బిల్లు వచ్చింది, రిజ్వాన్ అర్షద్ అధ్యక్షతన ఉభయ సభల సంయుక్త సంఘం కూర్చుంది, 2025 మార్చిలో ఆ బిల్లు సభల్లో గట్టెక్కింది. వాదన మాత్రం మ్యాప్ చుట్టూనే తిరిగింది. కెంపేగౌడ కట్టిన ఊరిని ముక్కలు చేస్తారా అని ఒకరు, ఇంత పెద్ద ఊరు ఒక్క ఆఫీసుతో నడవదని ఒకరు. గరిష్ఠంగా ఏడు కార్పొరేషన్లు ఉండొచ్చని తేల్చారు. అథారిటీకి అధ్యక్షుడు ముఖ్యమంత్రి అని తేల్చారు. ఏ ప్రసూతి ఆసుపత్రికి ఎంతమంది డాక్టర్లు ఉండాలి, ఎంతమంది ఉన్నారు, విడగొట్టిన మర్నాడు మందుల బిల్లు ఎవరు కట్టాలి అన్నదాని మీద కూడా ఆ గొంతులు ఇంతే పైకి లేచుంటే ఈ రాత రాసే పని ఉండేది కాదు.

మా వీధి ఊడ్చే ఆవిడది మదనపల్లె వైపు. ఈ నగరంలో పౌరకార్మికులు చాలామంది తెలుగు మాట్లాడే దళితులే అని ఎత్తైన అపార్ట్‌మెంట్లలో ఉండే మన తెలుగువాళ్లలో ఎందరికి పట్టింది? ఆవిడ కూతురికి నెలలు నిండాయి. కార్పొరేషన్ ఆసుపత్రిలో స్కానింగు మిషను ఉందట, తీసేవాళ్లు లేరట. బయట తీయించుకు రమ్మని చీటీ రాసిచ్చారు. చీర కొంగు ముడి విప్పి చూపించింది. చీటీ మీద పాత సంస్థ పేరు అచ్చులో ఉంది, దాని మీద వంకరగా కొత్త కార్పొరేషన్ రబ్బరు స్టాంపు. బయట పదిహేను వందలు అయిందంది.

"ముందైతే కార్పొరేటరు ఇంటికాడికి పోయి గేటు ముందర కూచొని అరుస్తా ఉంటిమి. తిట్టినా, ఆసుపత్రికి ఫోనన్నా కొడతా ఉండె. ఇప్పుడు ఎవురింటికాడికి పోవల్ల సార్?"

కార్పొరేటర్లు సత్యహరిశ్చంద్రులని నేననడం లేదు. టెండర్లలో వాటాలు, చెత్త కాంట్రాక్టులు, అన్నీ చూసినవాళ్లమే. కానీ వాళ్లకొక ఇల్లుంది, ఆ ఇంటికొక గేటుంది. 2025–26కు దాదాపు 20 వేల కోట్ల బడ్జెట్‌ను ఎన్నికైన సభ్యుడొక్కడి చెయ్యీ లేవకుండానే అధికారులు రాసి, అధికారులే ఆమోదించుకున్నారు. ఏ అధికారి గేటు ముందర కూర్చుని అరవనిస్తారు ఈవిడని? 2025 మే 1న 12 వేలమందికి పైగా పౌరకార్మికులకు పర్మనెంటు ఆర్డర్లు ఇచ్చి చప్పట్లు కొట్టించుకున్నారు. మంచిదే, ఏళ్ల తరబడి పోరాడి తెచ్చుకున్నది. నాలుగు నెలలకు ఆ ఆర్డర్లు ఇచ్చిన సంస్థే మాయమైంది.

హైదరాబాదువాళ్లు ఇది పక్కూరి గొడవ అనుకోవద్దు. 2025 చివర్లో చుట్టూ ఉన్న 27 పురపాలక సంస్థలను జీహెచ్ఎంసీలో కలిపేశారు. అక్కడ కలిపితే బాగుపడతామన్నారు, ఇక్కడ విడగొడితే బాగుపడతామన్నారు. రెండు చోట్లా కాగితం పైనుంచే దిగింది.

విధానసౌధలో కూర్చున్న అయ్యల్లారా, ఆ సంయుక్త సంఘాన్ని మళ్లీ కూర్చోబెట్టండి. అయిదు కార్పొరేషన్ల ఆరోగ్యాధికారులనూ పిలవండి. ఆసుపత్రి పేరు, మంజూరైన పోస్టులు, ఖాళీలు, పనిచేయని మిషన్లు, అన్నీ వరుసగా రాయించి సభలో బల్ల మీద పెట్టించండి. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త మ్యాపూ అక్కర్లేదు. వచ్చే సమావేశాల్లో ఒక పూట చాలు. ఆ పూట కూడా వాకౌట్ చేసి పోతారా?