ఉమ్మడి పనిముట్లు - ఆచార్య పదవులు

రోబో శాస్త్రమున అధ్యాపకులను ఎన్నుకొను పద్ధతిని గూర్చి తెలుగు శాఖవారి పరిశోధన పత్రికలో వ్రాయుట యేల యని కొందరు చదువరులు శంకింపవచ్చును. ఆ శంకకు సమాధానము మన బల్లలమీదనే యున్నది. తాళపత్రమును ఛాయాచిత్రముగా మార్చి, మరకలను తొలగించి, అక్షరమును గుర్తించు పనిలో మనము వాడు సాఫ్ట్‌వేరునకును, రోబోకు చూపు నిచ్చు సాఫ్ట్‌వేరునకును పునాది యొక్కటే. ఆ పునాదిని నిర్మించి కాపాడువారికి విశ్వవిద్యాలయములలో ఎట్టి స్థానము లభించునో, మన పనిముట్ల భవిష్యత్తును అట్లే యుండును. కావున ఇది పరుల విషయము కాదు.

ముందుగా చరిత్రను కొంత స్మరింతము. 1999లో ఇంటెల్ సంస్థ పరిశోధనశాలయందు గేరీ బ్రాడ్‌స్కీ అను శాస్త్రజ్ఞుడు చిత్రములను విశ్లేషించు ఉమ్మడి సాఫ్ట్‌వేర్ భాండారము నొకదానిని ఆరంభించెను. కొన్ని పేరొందిన విశ్వవిద్యాలయములలో పాత విద్యార్థులు వ్రాసియుంచిన ప్రోగ్రాములు క్రొత్తవారికి వారసత్వముగా లభించుచుండుటయు, ఆ భాగ్యము లేని చోటులవారు ప్రతి పనిని మొదటినుండి ఆరంభింపవలసివచ్చుటయు ఆయన గమనించెను. ఆ వారసత్వమును లోకమున కంతటికి పంచిపెట్టుటయే ఆయన సంకల్పము. ఓపెన్‌సీవీ యని పేరుగన్న ఆ భాండారము 2000లో తొలిసారి బయటకు వచ్చినది. 2006లో దాని మొదటి పూర్తి రూపము వెలువడినది. 2005లో అమెరికాలోని మొహావీ యెడారిలో సుమారు 212 కిలోమీటర్ల దూరమును సారథి లేకుండ పరుగెత్తి 20 లక్షల డాలర్ల బహుమానము గెలుచుకొన్న స్టాన్‌ఫర్డ్ వారి బండికి దారి చూపిన పనిముట్లలో ఇదియు నొకటి. తరువాత స్టాన్‌ఫర్డ్‌లోనే మొలకెత్తిన ఆర్‌ఓఎస్ అను రోబో సాఫ్ట్‌వేర్ సముదాయమునకును, ఓపెన్‌సీవీకిని విల్లో గ్యారేజ్ అను సంస్థ ఆశ్రయ మిచ్చినది. ఆ సంస్థ 2014లో మూతపడినది. 2012లోనే ఏర్పడిన యొక ధర్మసంస్థ భారము వహించుటచేత ఆర్‌ఓఎస్ నిలిచినది.

ఈ భాండారములలోని యొక చిన్న పద్ధతిని ఉదాహరణముగా గైకొందము. 1979లో జపాను శాస్త్రజ్ఞుడు నొబుయుకి ఓత్సు ఒక చిత్రమునందలి వెలుగునీడల లెక్కనుబట్టి నలుపు తెలుపుల సరిహద్దును యంత్రమే నిర్ణయించుకొను విధానమును ప్రకటించెను. రోబో తన ముందున్న వస్తువును వెనుకనున్న గోడనుండి వేరుచేయుట కిది యుపయోగపడును. పాత పుస్తకములోని సిరాను పసుపువారిన కాగితమునుండి వేరుచేయుటకును ఇదే యుపయోగపడును. సూత్ర మొక్కటే, ప్రయోజనములు వేరు.

అయితే పరులు చేసిన పనిముట్టు మన లిపికి తనంతట తానుగా నమరదు. చిత్రమును శుభ్రపరచు ప్రోగ్రాము చిన్న చుక్కలను ధూళి కణములుగా నెంచి తుడిచివేయును. రోబోకు దానివలన నష్టము లేదు; తెలుగునకు కలదు. ఠకారములోని చుక్క పోయినచో అది రకారమును బోలియుండును. థకారములోని చుక్క పోయినచో ధకారమగును. పీఠము పీరమగును, కథ కధ యగును. కన్నడ లిపికిని ఈ యాపద తప్పదు. తుడువదగిన మచ్చ యెంత పెద్దదో, తుడువరాని చుక్క యెంత చిన్నదో యెరిగి ఆ పనిముట్టును సవరింపవలె నన్నచో లిపి నెరిగిన పండితుడును, ప్రోగ్రాము నెరిగిన శాస్త్రజ్ఞుడును ఒకచోట గూర్చుండవలయును. ఒక నెలలో తీరెడి పనియు కాదు. అచ్చుయంత్రములు మారును, కంప్యూటర్లు మారును, సవరణలు మరల మరల చేయవలసియే యుండును.

ఇచ్చట అసలు చిక్కు వచ్చుచున్నది. ఈ పనికి పూనుకొన్న యువకుడు ఉద్యోగమునకు దరఖాస్తు పెట్టుకొన్నచో నియామక సంఘము వాని కృషిని ఏ గడిలో వ్రాయవలయును? విశ్వవిద్యాలయ అనుదాన సంఘమువారు 2018లో ప్రకటించిన నిబంధనలయందు పరిశోధన వ్యాసమునకు విజ్ఞాన శాస్త్రములలో 8, భాషలలో 10 చొప్పున అంకెలు విధింపబడినవి. అనువాద గ్రంథమునకు 8. అంతర్జాతీయ పేటెంటునకు 10. పదుగురు వాడుకొనుటకై ఉచితముగా నిచ్చి, యేండ్ల తరబడి కాపాడుకొని వచ్చిన సాఫ్ట్‌వేరునకు ఆ పట్టికలో ప్రత్యేకమగు గడి లేదు. పంచిపెట్టినవానికి గడి లేక, పేటెంటు చాటున దాచుకొన్నవానికి గడి యుండుట విపరీతము కాదా?

దీని ఫలితము స్పష్టముగానే కనబడుచున్నది. తెలివిగలవారు పనిముట్టును గూర్చి వ్యాసము వ్రాసి, వ్యాసము అచ్చయిన పిమ్మట పనిముట్టును వదలివేయుదురు. ఆర్‌ఓఎస్ నిర్మాతలు సైతము 2009లో దానిని గూర్చి యొక వ్యాసము ప్రకటించిరి. లోకమంతయు సాఫ్ట్‌వేరును వాడుకొని, ఆ వ్యాసమును పేర్కొనుచున్నది. అది వారికి చెల్లినది. అందరికిని చెల్లదు. తెలుగు అచ్చక్షరములను యంత్రముచేత గుర్తింపజేయుటను గూర్చి రాజశేఖరన్, దీక్షితులు గారల వ్యాసము 1977లోనే వెలువడినది. 2001లో హైదరాబాదు విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ఇట్టి వ్యవస్థ నొకదానిని వర్ణించిరి. అటు పిమ్మట వ్యాసములకు కొరత లేదు. వ్యాసములు గ్రంథాలయములలో నిలిచినవి. వాని వెనుకనున్న పనిముట్లలో పెక్కు మన చేతికందుట లేదు. విద్యార్థి పట్టము పుచ్చుకొని వెడలిపోవును. ప్రోగ్రాము పాత కంప్యూటరులో నిద్రించును. తరువాతి విద్యార్థి మరల ఓనమాలు దిద్దును. అదే టెస్సరాక్ట్ అను సాఫ్ట్‌వేరును జూడుడు. 1980ల నడుమ హ్యూలెట్ పాకర్డ్ సంస్థలో పుట్టి, పదేండ్ల పిమ్మట మూలబడి, 2005లో బహిరంగమై, 2006నుండి గూగుల్ ఆశ్రయమున పెరిగి, నేడు తెలుగును సైతము చదువుచున్నది. దానిని బ్రదికించినది వ్యాసము కాదు. బహిరంగమైన మూలమును, కాపాడువారి యోపికయును.

మన శాస్త్రమున కిది క్రొత్త పాఠము కాదు. 1885లో వెలువడిన బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరము లేనిదే ప్రబంధము నొకదానిని చదువుట మన కెంత కష్టమో యెల్లరు నెరుగుదురు. దానివలన మేలు పొందిన విమర్శకు లెందరో. దాని పేరు తమ వ్యాసములో చెప్పినవారు కొందరే. బ్రౌను దొర సేకరించి, పండితులచేత సరిచూపించి, శుద్ధప్రతులు వ్రాయించి యుండకపోయినచో పెక్కు కావ్యములు మనకు దక్కియుండెడివి కావు. నిఘంటుకర్తను, పరిష్కర్తను పండితులుగా నంగీకరించిన మనము, ప్రోగ్రాముల భాండారమును కూర్చినవానిని పనివానిగా నెంచుట న్యాయము కాదు. ఇరువురి పనియు నొక్క తీరుదే: పరుల పరిశోధన సాగుటకై తాము మరుగున నిలుచుట.

దీనికి మూడు ఆక్షేపణలు వినబడుచున్నవి. సాఫ్ట్‌వేరు శిల్పమే గాని జ్ఞానము కాదనుట మొదటిది. ఏ చుక్కను తుడువరాదో నిర్ణయించుట జ్ఞానము కానిచో పాఠనిర్ణయమును జ్ఞానము కాదు. అట్టి పనిని వర్తక సంస్థలు చూచుకొనుననుట రెండవది. ఇంటెల్, గూగుల్ మొదలగు సంస్థల మేలును మరువరాదు. కాని వర్తకునకు లాభము లేని నాడు ఆశ్రయము తొలగును. విల్లో గ్యారేజ్ కథయే తార్కాణము. అరసున్నను, బండిరను గుర్తించుటవలన ఏ వర్తకునకు లాభము గలదు? దాని విలువ తీర్చుటెట్లనుట మూడవది. ఇది బలమైన ఆక్షేపణ. ఎందరు వాడుకొనిరను లెక్క యొక్కటియే ప్రమాణమైనచో ఓడ్రము, తుళు మొదలగు భాషల పనిముట్లు ఎన్నడును గెలువవు. ప్రోగ్రాము వ్రాసినవా రెల్లరు పదవి కర్హులనుటయు సరికాదు.

కాని విలువకట్టు మార్గము లేకపోలేదు. 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో రూపొందిన ప్రకటన వ్యాసములతోపాటు సాఫ్ట్‌వేరును, దత్తాంశములను గూడ పరిశోధన ఫలములుగా నెంచవలయునని కోరినది. అమెరికా జాతీయ విజ్ఞాన సంస్థ 2013 జనవరినుండి దరఖాస్తులలో ప్రచురణలు అను శీర్షికకు మారుగా పరిశోధన ఫలములు అను శీర్షికను ప్రవేశపెట్టినది. బ్రిటనులో 2012నుండి పరిశోధన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు అను ప్రత్యేక వృత్తినామము వ్యాప్తిలోనికి వచ్చినది. ఈ చివరిది మంచిదే యైనను చాలదని నా యభిప్రాయము. ఆచార్యు డొక యంతస్తున, పనిముట్టు కూర్చినవాడు క్రింది యంతస్తున నుండుట వలన పాత భేదమే క్రొత్త పేరుతో నిలుచును.

నేను కోరునవి మూడు. నియామక సంఘములు అభ్యర్థి నిర్మించిన పనిముట్టును పరిష్కృత గ్రంథమును పరీక్షించినట్లు పరీక్షింపవలయును: మూలము బహిరంగమా, వివరణము స్పష్టమా, ఇతరులు సరిచూడగలరా, లోపములు చూపినప్పుడు సవరింపబడినదా యని నిపుణు లిద్దరు వ్రాతమూలముగా చెప్పవలయును. భాషకు సంబంధించిన పనిముట్టైనచో ఆ నిపుణులలో నొకడు భాషాపండితుడై యుండవలయును. రెండవది: 2018 డిసెంబరులో 3,660 కోట్ల రూపాయలతో అంగీకారము పొందిన సైబర్ భౌతిక వ్యవస్థల జాతీయ పథకమువంటివానియందు, పుట్టిన సాఫ్ట్‌వేరును గడువు తీరిన పిమ్మట కాపాడుటకు కొంత ధనము విధిగా కేటాయింపవలయును. మూడవది మనవంతు. భారతీయ భాషా శాఖలు తమ పరిశోధన వ్యాసములలో వాడిన సాఫ్ట్‌వేరు పేరును, నిర్మాతల పేరును విధిగా పేర్కొనవలయును. రోబో శాఖలతో గలిసి ఉమ్మడిగా కొన్ని పదవులను కోరవలయును.

మూడవదానికి ప్రభుత్వపు టుత్తరువు అక్కరలేదు. వచ్చు విద్యాసంవత్సరమున మన పరిశోధక విద్యార్థులు సమర్పించు సిద్ధాంత గ్రంథముల పీఠికలతోనే ఆరంభింపవచ్చును.