వానలో సైకిలుపై వచ్చు పిల్లల పాదములు

వానకాలము వచ్చినంతనే తల్లులు పిల్లల పుస్తకముల సంచికి పాలిథీను కవరు తొడుగుదురు. తల తడియకుండ రెయినుకోటు కొనిపెట్టుదురు. పాదములనుగూర్చి మాత్రము ఎవరును ఆలోచింపరు. బూట్లున్నవి గదా యని తలంతురు. ఆ బూట్లే సగము కీడునకు మూలమని చెప్పుటకు ఈ వ్యాసము వ్రాయుచున్నాను. దీనిని చదివిన పిమ్మట మా ఉపాధ్యాయ మిత్రులలో కొందఱు నాతో వాదమునకు దిగుదురని యెఱుగుదును. దిగవలెననియే నా కోరిక.

నేను చెప్పదలచిన మాట యొక్కటే. జోరువానలో సైకిలు త్రొక్కు పిల్లవాని పాదములను దారిలో పొడిగా నుంచుట మన ప్రాంతమున దాదాపు అసాధ్యము; అంత యవసరమును గాదు. దారిలో అరగంట తడిసినందున కలుగు కీడు స్వల్పము. ఆ తడి మేజోళ్లతో, ఆ తడి బూట్లతో, ఉదయము మొదలు సాయంకాలమువఱకు బల్లమీద కూర్చుండుటయే అసలు కీడు. కాబట్టి పాదరక్షలనుగూర్చి బడులలో నున్న నియమము వానకాలమున మారవలెను.

మొదట నీరు బూటులోనికి ఏ దారిని వచ్చునో చూతము. ఆకాశమునుండి నేరుగా బూటుపై పడునది కొద్దిపాటిదే. సైకిలు ముందుచక్రము రోడ్డుమీది నీటిని పైకెత్తి వెనుకకు విసరును. పెడళ్లమీద నున్న పాదములు సరిగా ఆ విసురునకు ఎదురుగా నుండును. పూర్వము సైకిళ్లు చేసినవారికి ఈ సంగతి బాగుగా తెలియును. అందుచేతనే వారు ముందుచక్రమునకు పొడవైన ఇనుప మడ్గార్డు బిగించి, దాని చివర రబ్బరు పలక నొకదానిని వ్రేలాడదీసిరి. ఇప్పటి పిల్లలు ముచ్చటపడు గేరు సైకిళ్లలో అనేకములకు మడ్గార్డు ఉండనే యుండదు. ఉన్నను అది జానెడు ప్లాస్టిక్కు ముక్క. చూచుటకు సొగసుగానే యుండును. వాన కురిసిన దినమున ఆ సొగసంతయు పిల్లవాని మోకాళ్లవఱకు బురదయై కనబడును. తండ్రులారా, బట్ట లేని గొడుగును మీరు కొందురా? సైకిలు షాపులో పొడవైన మడ్గార్డు వేయించి, దాని చివర పాత ట్యూబు ముక్క నొకదానిని నేలకు జానెడెత్తున వ్రేలాడునట్లు కట్టించినయెడల పాదములకు తగులు నీరును బురదయు ఎంతో తగ్గును. దానికగు ఖర్చు ఒక జత బూట్ల వెలలో ఏ మూలకును రాదు.

రెండవ దారి పైనుండి. రెయినుకోటుమీద జారిన నీరు మోకాళ్లనుండి పిక్కలమీదుగా దిగి మేజోటిని చేరును. దీపపు వత్తి నూనెను పీల్చినట్లు మేజోడు ఆ నీటిని పీల్చి బూటు అడుగువఱకు తీసికొనిపోవును. ఈ దారిని మూయుట బహు కష్టము. నీరు చొరని బూటే యైనను దాని మెడ తెఱచియే యుండవలెను గదా, లేకున్న పాదమెట్లు దూరును? అట్టి బూటులో దిగిన నీరు కుండలో పోసిన నీరువలె నిలుచును. నీటిని రానీయని గుణమే నీటిని పోనీయని గుణమగును.

ఇక బల్లమీది ఆఱుగంటల మాట. నూలు మేజోళ్లు తడిసినచో తమ బరువుకంటె ఎక్కువ నీటిని పట్టియుంచగలవు. ఒక గ్రాము నీరు మన సాధారణ వాతావరణములో ఆవిరి యగుటకు సుమారు 580 కాలొరీల వేడి కావలయును. ఒక పిల్లవాని మేజోళ్లలో 50 గ్రాముల నీరున్నదనుకొందము. అది ఆఱుటకు 29,000 కాలొరీలు కావలయును. ఒక లీటరు నీటిని 29 డిగ్రీలు వెచ్చచేయుటకు అంత వేడి చాలును. ఆ వేడిలో కొంత గాలినుండియు, తక్కినది పిల్లవాని పాదమునుండియు పోవును. తరగతిలో పైన పంకా తిరుగుచుండగా క్రింద ఈ పని జరుగుచుండును. పదవ తరగతి విద్యార్థులారా, గుప్తోష్ణమును గూర్చి మీరు నల్లబల్లమీద చేయు లెక్క మీ బల్లక్రిందనే జరుగుచున్నది. ఆ పిల్లవాడు పాఠము వినక కాళ్లు ఒకదానితో నొకటి రుద్దుకొనుచుండుటను చూచి, వీడు చంచలుడని మనము గద్దింతుము. శిక్షణ కళాశాలలో మాకు తరగతిగది వెలుతురునుగూర్చి, గాలినిగూర్చి, బల్లల యెత్తునుగూర్చి పాఠములు చెప్పిరి. బల్లక్రింది పాదములనుగూర్చి ఒక్క మాటయు చెప్పలేదు.

చలియొక్కటే కాదు. మూసిన తడి బూటులో వ్రేళ్ల నడుమ చర్మము తెల్లగా నాని ఒరసిపోవును. అచ్చట బూజుజాతి క్రిములు చేరి దురదయు పుండ్లును కలిగించును. నాట్లువేయు స్త్రీల పాదములను చూచినవారికి ఇది క్రొత్త సంగతి కాదు. అయితే వారు సాయంకాలము ఇంటికి వచ్చి కాళ్లు కడిగి ఆరబెట్టుకొందురు. మన పిల్లవాడు అవే బూట్లను మఱునాడు సగము తడితోనే మరల తొడుగుకొనును.

1914–15 చలికాలమున ఫ్లాండర్సు కందకములలో నిలిచిన సైనికులు వేలకొలదిగా పాదముల వ్యాధిచే పీడింపబడిరి. వారిలో మన దేశపు పటాలములవారును ఉండిరి. ఆ వ్యాధికి నీరు గడ్డకట్టునంత చలి యక్కఱలేదు. చల్లని తడిలో పాదము గంటలతరబడి కదలక బూటులో నుండిన చాలును. దానిని అణచినది క్రొత్తరకపు బూటు కాదు. పాదములను తుడిచి, రుద్ది, పొడి మేజోళ్లు మార్చుకొనవలెనను కట్టుదిట్టమైన ఆజ్ఞయే ముఖ్యముగా అణచినది. మన పిల్లల స్థితిని ఆ సైనికుల బాధతో పోల్చుట నా యుద్దేశము కాదు. సూత్రము మాత్రము ఒక్కటే.

ఇంగ్లండు, హాలండు మొదలగు దేశములలో చలికాలపు వానలో సైతము జనులు సైకిలు త్రొక్కుదురనియు, వారికి మంచి సాధనములున్నవనియు కొందఱు విద్యార్థులు నాతో చెప్పిరి. నిజమే. దూరప్రయాణము చేయువారు బూట్లమీద నియోప్రీను తొడుగులు వేసికొందురు. అది 1930లో అమెరికాలోని డ్యూపాంటు కంపెనీలో పుట్టిన కృత్రిమ రబ్బరు. దానిని సన్నని గాలిబుడగలతో నిండిన పలకగా చేయుదురు గనుక వేడిని త్వరగా పోనీయదు. లోపలికి కొంత నీరు చేరినను అది పాదపు వేడిమిచే వెచ్చబడి నిలుచును. 1969లో రాబర్టు గోర్ అను నాతడు కనుగొన్న సన్నని పొర మఱియొకటి కలదు. అది నీటిబొట్టును లోనికి రానీయక, చెమట ఆవిరిని బయటికి పోనిచ్చును. కాని లోపలి గాలి వెచ్చగను తేమగను, బయటి గాలి చల్లగను పొడిగను ఉన్నప్పుడే ఆ పొర బాగుగా పనిచేయును. మన కోస్తా జిల్లాలలో జూలై మాసపు గాలి తానే ఆవిరితో నిండి వెచ్చగా నుండును. చెమట పోవుటకు త్రోవ యుండియు, పోవుటకు కారణముండదు. అంత వెలబెట్టి తెప్పించిన బూటులో పిల్లవాడు వానకు బదులు తన చెమటలోనే నానును.

మఱి మనకు తగినదేమి? మడమకు పట్టీ గల రబ్బరు లేక ప్లాస్టిక్కు శాండల్సు. వానలో మేజోళ్లు లేకుండ వానినే తొడిగి రావలెను. నీరు వచ్చినట్లే పోవును. బడి చేరిన వెంటనే కుళాయివద్ద సబ్బుతో కాళ్లు కడిగి, వ్రేళ్ల సందులవఱకు తువ్వాలుతో తుడిచి, సంచిలో పొడిగా తెచ్చుకొన్న మేజోళ్లు, బూట్లు తొడుగుకొనవలెను. పట్టీ లేని హవాయి చెప్పులు మాత్రము పనికిరావు. తడి పెడలుమీద అవి జారి పాదము గొలుసువైపు పోవును. పాదముమీద గాయమున్నవాడు నిలువనీటిలో దిగరాదు. ఎలుకల మూత్రము కలిసిన నీటివలన లెప్టోస్పైరోసిస్ అను జ్వరము గాయముల ద్వారా దేహమున ప్రవేశించును. మూసిన బూటు ఈ యపాయమునుండి కాపాడునని తలంపవలదు. ఆ నీరే బూటులోనికిని చేరును, చేరి పోక యుండును.

డిసెంబరు తుపాను వాన మాట కొంచెము వేఱు. 2023 డిసెంబరు 5వ తేదీన బాపట్ల చెంత తీరము దాటిన మిచౌంగ్ తుపాను దినములలో వీచిన ఈదురుగాలి జూలై గాలి కాదు. అట్టి దినములందు సైకిలెక్కకుండుటయే వివేకము. లంబసింగి, చింతపల్లి ప్రాంతములనుండి వచ్చి హాస్టలులో నున్న విద్యార్థులు క్రిస్మసు సెలవులకు ఇండ్లకు పోయి అచ్చట తెల్లవారుజామున సైకిలు త్రొక్కుదురు. వారికి శాండల్సు పనికిరావు. అచ్చట శత్రువు నీరుకంటె గాలి. బూటు ముందుభాగమున, మేజోటిపైన, వార్తాపత్రిక కాగితము నొక మడత పెట్టిన గాలి ఆగును. మంచు తడి యున్నచో మేజోటిపైన పాలిథీను సంచి తొడిగిన ఒక గంటవఱకు మేలుచేయును, అటుపిమ్మట లోపల చెమట పట్టును. నూలుకంటె ఉన్ని మేజోళ్లు మంచివి, తడిసినను కొంత వెచ్చదన ముంచును. బూటు బిగుతుగా నున్నప్పుడు రెండు జతల మేజోళ్లు దూర్చుట తప్పు. రక్తము పాఱక వ్రేళ్లు మఱింత తిమ్మిరెక్కును. అట్లయినప్పుడు దిగి సైకిలును నడిపించుకొనుచు నూఱడుగులు నడచుట మేలు.

ఇక ఆక్షేపణలు. బూట్లు పాఠశాల గౌరవమునకు చిహ్నమని కొందఱందురు. ఆ గౌరవమును నేనును కోరుదును. కాని ఉదయప్రార్థనకు నిలిచిన వరుసలో ఎవరి బూట్లు మెఱయుచున్నవి? హాస్టలునుండి ఆవరణము దాటి వచ్చినవానివి, ఆటోలో గుమ్మమువఱకు వచ్చినవానివి. ఎనిమిది కిలోమీటరుల దూరమునుండి కాలువగట్టు వెంబడి సైకిలు త్రొక్కి వచ్చినవాని బూట్లు బురదతో నున్నవి. బురద బూట్లకై పిల్లలను వరుసలోనుండి బయటికి పిలిచి నిలువబెట్టు బడులున్నవి. అచ్చట శిక్ష పొందునది అశ్రద్ధ కాదు, దూరము. పేదతనమని కూడ చెప్పవలసియున్నది. అట్టి పిల్లవానికి ఉన్నది ఒకే జత. అది రెండు మూడు వానలకు అడుగూడిపోయిన పిమ్మట, దసరాకు ముందు తండ్రి మఱియొక జతకై అప్పు చేయును.

మన యిండ్లకు అతిథి వచ్చినప్పుడు మొదట కాళ్లకు నీళ్లిచ్చుట మన పెద్దల మర్యాద. పాలస్తీనా దేశమునను అదియే మర్యాద. మన ప్రభువు చివరి రాత్రి భోజనపు బల్లనుండి లేచి శిష్యుల పాదములు కడిగిన వృత్తాంతమును మనము ప్రతి సంవత్సరము దేవాలయములో చదువుచున్నాము. బురదపాదములతో గుమ్మమున నిలిచిన పిల్లవానిని మిషను పాఠశాల ఎట్లు ఎదుర్కొనవలెనో చెప్పుటకు నాకంటె ఆ అధ్యాయము సమర్థమైనది.

ఒకనాడు శాండల్సు అనుమతించినచో ఏడాది పొడుగునను అవే వచ్చునని మఱియొక ఆక్షేపణ. దీనికి సమాధానము తేలిక. బడి తెఱచిన జూన్ మాసమునుండి నవంబరు చివరివఱకు అని నియమములోనే వ్రాయవచ్చును. తరగతిలో బూట్లు యథాప్రకారము ఉండును, మారునది దారిమాత్రమే. ఒకే జత గలవాడు సాయంకాలము దానిని బడిలోనే విడిచి శాండల్సుతో ఇంటికి పోవును. ఆ బూట్లు వాన నెఱుగవు, కాబట్టి సంవత్సరాంతమువఱకు మన్నును.

విడిచిన బూట్లు ఎచ్చట నుంచవలెనను ప్రశ్నయే నిజమైన ప్రశ్న. వరండాలో తూర్పు గోడకు ఎండ తగులును, వానజల్లు తగులదు. అచ్చట మూడు అంతస్తుల చెక్క అర నొకదానిని, ఎలుకలు దూరకుండ తీగె వల తలుపుతో, తరగతికొకటి చొప్పున చేయింపవలెను. తడిసిన బూట్లను లోపలి అట్ట తీసి, పాతకాగితము కుక్కి, అరపైన ఆరనీయవలెను. పొయ్యివద్ద పెట్టిన తోలు పగులును. గుమ్మముచెంత ఇప్పుడున్న కుళాయిని మోకాలెత్తునకు దింపి, క్రింద గరుకు బండ పఱపించిన కాళ్లు కడుగుకొనుటకు చాలును. వడ్రంగము తెలిసిన తండ్రులు మనలో పలువురున్నారు. వేసవి సెలవులలో చెక్క తెప్పించుటకు మేనేజరుగారు అనుమతించినయెడల కొలతలు వ్రాసి యిచ్చుటకు నేను సిద్ధముగా నున్నాను.