మానేరు అడుగున ఏం జరుగుతుందో ముందే తెలియాలి

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర నీటిపారుదల శాఖ మంత్రివర్యులకు,
కరీంనగర్, నిర్మల్ జిల్లాల కలెక్టర్ల ద్వారా సమర్పించు వినతిపత్రం.

విషయం: దిగువ మానేరు, కడెం జలాశయాల నీటి తీరును ముందుగా లెక్కగట్టే కంప్యూటర్ నమూనాలు తయారు చేయించుట గురించి.

అయ్యా,

మేము దిగువ మానేరు డ్యామ్ (ఎల్ఎండీ) నీళ్లు తాగేవాళ్లం, అందులో వలలు వేసేవాళ్లం, దాని కాలువ కింద వరి పండించేవాళ్లం. కడెం ఆయకట్టు రైతులు, ఈ ప్రాంతపు సైన్సు అధ్యాపకులు కొందరు మాతో కలిసి సంతకాలు చేశారు. డ్యామ్‌లో ఎన్ని టీఎంసీలున్నాయో రోజూ పేపర్లో చదువుతాం. 920 అడుగుల నిండు మట్టానికి ఇంకెన్ని అడుగులు తక్కువో మా పిల్లలు కూడా చెబుతారు. ఆ నీటి అడుగున ఆక్సిజన్ ఎంత మిగిలిందో తెలుసుకునే దారి మాత్రం మాకు లేదు.

ఎండాకాలం డ్యామ్ నీళ్లు ఒక్క తీరుగా ఉండవు. పైన వేడి నీళ్లు, కింద చల్లటి నీళ్లు పొరలుగా విడిపోతాయి. వలలు వేసే మా గంగపుత్రులకు ఇది చేతికి తెలిసిన విషయమే. చలిదేశాల సరస్సుల కన్నా మన నీళ్లలో ఈ పొరలు సులువుగా పడతాయి. నీరు 4 డిగ్రీల నుంచి 5 డిగ్రీలకు వేడెక్కితే సాంద్రతలో వచ్చే తేడా చాలా చిన్నది. 29 నుంచి 30కి వెళ్తే ఆ తేడా దానికి ముప్పై రెట్లకు పైనే. అంటే మన దగ్గర పైకీ కిందికీ ఒకటి రెండు డిగ్రీల తేడా వచ్చినా నీరు నీటితో కలవనంటుంది. పైగా 30 డిగ్రీల నీరు లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాములకు మించి ఆక్సిజన్ పట్టుకోలేదు. అడుగున కుళ్లే ఆకు, నాచు దాన్ని వాడేసుకుంటే మళ్లీ నింపే గాలి అక్కడికి అందదు. ఆక్సిజన్ అయిపోయినప్పుడు బురదలో కట్టుబడి ఉన్న ఇనుము, మాంగనీస్, ఫాస్ఫరస్ కరిగి నీళ్లలోకి వస్తాయి. తాగునీటిలో మాంగనీస్ లీటరుకు 0.1 మిల్లీగ్రాము లోపు ఉండాలని భారతీయ ప్రమాణం చెబుతోంది. ఫాస్ఫరస్ పైకొచ్చిన నాడు నాచు పెరుగుతుంది.

మాలో ఒకరి సొంతూరి చెరువులో జరిగింది చెబుతాం. రెండు రోజులు మబ్బు పట్టి, మూడో రాత్రి గాలివాన కొట్టింది. తెల్లారేసరికి చేపలన్నీ నీటి మీదికొచ్చి నోళ్లు తెరిచాయి, మధ్యాహ్నానికి తేలిపోయాయి. ఎవరో మందు కలిపారని ఊరు రెండుగా చీలింది. ఆ అనుమానం ఏళ్ల తరబడి పోలేదు. అడుగున ఉన్న ఆక్సిజన్ లేని నీరు గాలికి కలిసి మీదికొచ్చిందని ఆ రోజు చెప్పగలిగినవాళ్లు ఊళ్లో ఒక్కరు లేకపోయారు. ఊరి చెరువులో పోయినవి చేపలు. ఎల్ఎండీ మీద ఒక నగరం దాహం తీర్చుకుంటోంది.

ఇలాంటిది ముందే చెప్పేందుకు కంప్యూటర్ నమూనా చేసే పని మాయ కాదు, ఓపికైన లెక్క. డ్యామ్ నీటిని పై నుంచి కిందికి పొరలుగా కోసి, ప్రతి పొరకూ గంట గంటకూ ఎంత ఎండ తగిలింది, ఎంత ఆవిరైంది, గాలి ఎంత లోతు వరకు కలిపింది అని కూడుతుంది. మిడ్ మానేరు నుంచి, మోయతుమ్మెద వాగు నుంచి వచ్చే నీరు తన సాంద్రతకు సరిపడే పొర వెతుక్కుని అక్కడ చేరుతుంది. చల్లటి బురద వరద అడుగుకు దూరుతుంది, వెచ్చటి నీరు పైనే పరుచుకుంటుంది. ఆ తర్వాత ఆక్సిజన్, నత్రజని, ఫాస్ఫరస్, నాచుల లెక్క ఈ పొరల లెక్క మీద నడుస్తుంది. 1925లోనే అమెరికాలో స్ట్రీటర్, ఫెల్ప్స్ ఒహాయో నది ఆక్సిజన్‌ను సమీకరణంలో పెట్టారు. ఇప్పుడు వెస్టర్న్ ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన జనరల్ లేక్ మోడల్, అమెరికా సైన్యపు ఇంజనీర్ల సీఈ-క్వాల్-డబ్ల్యూ2 ఎవరైనా ఉచితంగా తెచ్చుకుని నడపవచ్చు. మొదటిదానికి మామూలు ల్యాప్‌టాప్ చాలు.

ఆలస్యమైతే ఏమవుతుందో అమెరికాలోని టొలీడో నగరాన్ని చూసి తెలుసుకోవచ్చు. 2014 ఆగస్టులో ఈరీ సరస్సు నాచు విషం కుళాయిల్లోకి రావడంతో ఆ నగర ప్రాంతంలో దాదాపు ఐదు లక్షల మంది రెండు మూడు రోజులు కుళాయి నీరు ముట్టలేదు. కాచినా పోని విషం అది.

అందుకే మొదటి కోరిక కొలతల గురించి. కొలత లేని నమూనా జాతకం లాంటిది. ఎల్ఎండీలో తాగునీరు తీసుకునే చోటుకు దగ్గరగా, లోతైన చోట ఒక తేలే బోయా కట్టి, పై నుంచి అడుగు దాకా మీటరుకొకటి చొప్పున ఉష్ణోగ్రత, ఆక్సిజన్ కొలిచే సాధనాలు వేలాడదీయాలి. గాలి, ఎండ కొలతలు నీటి మీదే తీయాలి, ఊళ్లో కాదు. 2016లో మొదలైన జాతీయ హైడ్రాలజీ ప్రాజెక్టులో మన రాష్ట్రం భాగమైంది కనుక ఇలాంటి పనికి దారి కొత్తది కాదు.

రెండవది, అడుగు ఎక్కడుందో తేల్చాలి. శ్రీరాంసాగర్ జలాశయాన్నే చూడండి, దాన్ని 112 టీఎంసీలకు కట్టారు. 1994 సర్వేలో 90కి వచ్చింది, తర్వాత 80 దాకా దిగింది. మిగతాది పూడిక. ఎల్ఎండీకి, కడెంకు కొత్త సర్వే చేయకుండా పాత పటాల మీద నమూనా కడితే లేని నీటికి లెక్కలు వేసినట్టవుతుంది.

కడెం సంగతి వేరే. అది ఏడున్నర టీఎంసీల చిన్న జలాశయం. వానాకాలంలో నీరు వారాల తరబడి నిలవదు, ఒక్క రాత్రిలో మారిపోతుంది. 1958లో కట్ట తెగింది. 2022 జూలైలో ఐదు లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది, గేట్లు వదలగలిగేది అంతకన్నా ఎంతో తక్కువ. ఆ రాత్రి కింది ఊళ్ల వాళ్లం పిల్లలను భుజాన వేసుకుని బయలుదేరినవాళ్లం. అక్కడ పొరల లెక్క కన్నా ముందు, ఎగువ వాగుల మీద వాన, మట్టం కొలిచే కేంద్రాలు పెట్టి, వరదనూ పూడికనూ కలిపి చూపే నమూనా కావాలి.

మూడవది పని ఎవరికివ్వాలన్నది. ఎక్కడివాళ్లో వచ్చి రంగుల చిత్రాలు చూపించి పోవడం కాకుండా వరంగల్ నిట్‌కు, నాచుపల్లి జేఎన్టీయూ కళాశాలకు, శాతవాహన విశ్వవిద్యాలయానికి కలిపి అప్పగించండి. ఇక్కడి పిల్లలు నేర్చుకుంటే పదేళ్ల తర్వాత కూడా నమూనా బతుకుతుంది. కొలతలు, నమూనా అంచనాలు, ఆ అంచనాలు తప్పిన రోజులు అన్నీ తెలుగులో అందరికీ కనబడాలి. తప్పు దాచిన నమూనాను ఎవరూ నమ్మరు, నమ్మకూడదు.

ఇంకొకటి. రామగుండంలో ఎన్టీపీసీ జలాశయం మీద 500 ఎకరాల్లో 100 మెగావాట్ల తేలే సౌర కేంద్రం 2022 నుంచి పనిచేస్తోంది. మాకు సౌర విద్యుత్ మీద వ్యతిరేకత లేదు. అయితే నీటి మీద పలకలు పరిస్తే ఎండ, గాలి రెండూ తగ్గుతాయి, పొరల తీరు మారుతుంది. అది మేలో కీడో జలాశయం జలాశయానికీ వేరు. పూడికతీత కూడా అంతే, కదిలిన బురద తనలోని ఫాస్ఫరస్‌ను వదులుతుంది. ఎల్ఎండీలో, కడెంలో ఇలాంటి పని ఏది తలపెట్టినా ముందు నమూనాలో నడిపి, ఆ ఫలితం ప్రజల ముందు పెట్టిన తర్వాతే అనుమతి ఇవ్వాలి.

చలి పోయి ఎండ ముదిరే కాలంలోనే నీళ్లలో పొరలు పడతాయి. కాబట్టి సర్వేలు, ఒప్పందాలు పూర్తయ్యే దాకా ఆగకుండా, వచ్చే శివరాత్రి లోపు ఎల్ఎండీలో మొదటి కొలత గొలుసు దించి, మిరుగం (మృగశిర కార్తె) దాకా రోజూ నమోదు చేయించవలసిందిగా కోరుతున్నాం. పడవలు మావే ఇస్తాం.

ఇట్లు,
కరీంనగర్, తిమ్మాపూర్, కడెం ప్రాంతాల నీటి వినియోగదారులు, మత్స్యకారులు, రైతులు, అధ్యాపకులు