కటారా కోపమేమయినది?



పిల్లలు ఏండ్ల తరబడి ప్రేమించిన బొమ్మల కథను తీసికొని, నిజమైన నటీనటులతో చలనచిత్రముగా మార్చుట నేడొక వాడుకయైనది. అట్టివానిలో ఎంతో ఆశపెట్టి, అంతకు మించిన నిరాశను కలిగించినది 2010వ సంవత్సరము జూలైలో అమెరికాలో విడుదలయిన ‘ది లాస్ట్ ఎయిర్‌బెండర్’. ఇన్నేండ్ల పిమ్మట దాని ప్రసక్తి యేలయని మీరడుగవచ్చును. మూలకథను నేటికిని పిల్లలు చూచుచునేయున్నారు. ఆ కథలో ఆడపిల్లలకు ముఖ్యమైన భాగమేదియో, సరిగా దానినే చిత్రము జారవిడిచినది. కావున ఈ నెల ఈ విషయమును ఎత్తుకొనుచున్నాము.

‘అవతార్: ది లాస్ట్ ఎయిర్‌బెండర్’ అను బొమ్మల ధారావాహికను మైఖేల్ డాంటే డిమార్టినో, బ్రయాన్ కొనియెట్జ్కో అను నిరువురు కల్పించిరి. అది నికలోడియన్ వారి టెలివిజనులో 2005 మొదలు 2008 వరకు 61 భాగములుగా వెలువడినది. ‘అవతార్’ అను మాట మనది. లోకరక్షకుడు జన్మజన్మకును మరల పుట్టుననుటయు మనకు క్రొత్త కాదు. అగ్నిరాజ్యము నూరేండ్లుగా తక్కిన జాతులపై యుద్ధము సాగించుచుండగా, మంచుగడ్డలో నిద్రించుచున్న ఆంగ్ అను పండ్రెండేండ్ల బాలుడు మేలుకొనును. గాలి, నీరు, మన్ను, నిప్పు నాలుగింటిని వశపరచుకొనగలవాడు అతడొక్కడే. అతనిని మేలుకొలిపినది దక్షిణధ్రువవాసినియైన కటారా యను పదునాలుగేండ్ల బాలిక.

ఆమె మేలుకొలిపిన విధము వినదగినది. తల్లి చనిపోయినది, తండ్రి యుద్ధమునకు పోయినాడు, ఇంటి పనియంతయు ఆ పిల్లమీద పడినది. ఒకనాడు అన్న సొక్కాతో చేపల వేటకు పోగా, మంచు తాకిడికి పడవ ముక్కలగును. ఆడపిల్లను వెంట తెచ్చుటవలననే ఇట్లయినదని అన్న ఎత్తిపొడుచును. కటారాకు ఒడలు మండును. తల్లి పోయిన నాటినుండి చాకిరి యెవరు చేయుచున్నారు, నీ మేజోళ్ళ కంపును ఎవరు భరించుచున్నారు అని నిలవేసి కడిగివేయును. ఆ కోపములో చేతులు విసరుచుండగా, ఆమెకు తెలియకయే ఆమెలోని జలశక్తి రేగి వెనుకనున్న మంచుకొండ చీలును. బట్టలుతికి విసిగిన యొక బాలిక కోపమునుండి లోకరక్షణకథ ప్రారంభమగుట మేమెక్కువగా చూడలేదు.

చిత్రములో ఆ కోపము లేదు. అన్నయు చెల్లెలును మంచుపై నడచుచుండగా క్రింద వెలుగు కనబడును, మంచు పగులును, బాలుడు బయటపడును. జరిగినది మిగిలినది, జరుగుటకు కారణము పోయినది. చిత్రమంతటికిని ఇదియే రోగము.

మరియొకటి చూడుడు. మూలములో మృత్తికావిద్య నెరిగిన ఖైదీలను సముద్రమధ్యమున ఇనుప కట్టడముపై బంధింతురు. అచ్చట చిటికెడు మన్నైనను దొరకదు గనుక వారు నిస్సహాయులు. కటారా బుద్ధిపూర్వకముగా పట్టుబడి ఆ చెరలో ప్రవేశించి, వారికి ధైర్యము చెప్పును. చిత్రములోనో, ఖైదీలు మట్టినేల మీదనే యున్నారు, నలువైపుల కొండలే. మీ కాళ్ళక్రింద మన్నున్నదని ఆంగ్ చెప్పువరకు వారికి తోచదట! కథకు అర్థమును పోయినది, కటారా సాహసమును పోయినది.

కియోషి ద్వీపములో సూకీ యను యువతియు, ఆమెతోడి వీరవనితలును ఉన్నారు. ఆడువారు యుద్ధము చేయుదురాయని పరిహసించిన సొక్కా వారి చేతిలో ఓడి, మోకరిల్లి, విద్య నేర్పుమని వేడుకొని, వారి వేషమునే ధరించి నేర్చుకొనును. ఈ ఘట్టమును చిత్రీకరించియు, తుదిప్రతినుండి తీసివేసిరి.

ఇక అన్నిటికంటె పెద్ద లోపము ఉత్తరధ్రువమునకు సంబంధించినది. అచ్చటి ఆచారము ప్రకారము స్త్రీలు జలవిద్యతో గాయములు మాన్పవచ్చునుగాని, పోరాటము నేర్వరాదు. గురువైన పాక్కు కటారాకు విద్య నిరాకరించును. ఆమె అతనిని ద్వంద్వయుద్ధమునకు పిలుచును, ఓడిపోవును. అయితే ఆమె మెడనుండి జారిన పతకమును చూచి గురువు నిశ్చేష్టుడగును. అరువదేండ్ల క్రిందట తాను వివాహమాడదలచిన యువతికై స్వహస్తములతో చెక్కినది అది! ఆ యువతి కటారా అవ్వయే. ఆ కట్టుబాట్లను సహింపలేకయే ఆమె దేశము విడిచిపోయినది. ఒక ఆచారమువలన తాను పోగొట్టుకొన్నదేమో ఆ వృద్ధునకు అప్పుడు తెలియును. చిత్రములో నిరాకరణయు లేదు, ద్వంద్వయుద్ధమును లేదు. పోరాడి గెలుచుకొన్నదానిని ఊరక చేతిలో పెట్టినయెడల, ఆ పిల్ల గెలుచుకొన్నదేమి?

దర్శకులు ఎమ్. నైట్ శ్యామలన్ గారు మాహేలో పుట్టి అమెరికాలో పెరిగినవారు. తమ కుమార్తె పండుగనాడు కటారా వేషము వేసికొనగోరుటచేతనే ఈ కథ తమ దృష్టికి వచ్చినదని వారే చెప్పియున్నారు. ఏ పాత్ర ఆ చిన్నదానిని ఆకర్షించెనో ఆ పాత్రయే తెరపై వెలవెలబోవుట విచారకరము. మొదటి కాండములోని 20 భాగములను 103 నిమిషములలో ఇరికించుట యొక కారణము. తావు చాలనప్పుడు పోరాటములను నిలిపి, పరిహాసములను, అలుకలను, అన్నాచెల్లెండ్ర కయ్యములను కోసివేసిరి. మనుష్యులు తాము చేయవలసినదానిని చేయుటకు మారుగా చెప్పుచు తిరుగుదురు. దీనికితోడు, ఆసియా, ధ్రువప్రాంత జాతుల పోలికలతో కల్పించిన నాయకపాత్రలను తెల్లవారికిచ్చి, శత్రువులైన అగ్నిరాజ్యమువారి పాత్రలను దేవ్ పటేల్ మున్నగు నల్లని చాయవారికిచ్చుట అభిమానులకు మిక్కిలి కష్టము కలిగించినది.

సంగీతము వినదగినదే. 15 కోట్ల డాలర్లు వ్యయము కాగా, అంతకు రెట్టింపు వసూలైనది. అయినను 2011లో నికృష్టచిత్రములకిచ్చు ‘రాజీ’ బహుమతులు ఐదు దీనికి లభించినవి. తలపెట్టిన తక్కిన రెండు చిత్రములును రానేలేదు.

2024లో నెట్‌ఫ్లిక్స్ వారు ఇదే కథను మరల నటీనటులతో ఎనిమిది భాగములుగా తీసిరి. సూకీ తిరిగి వచ్చినది. పాక్కుతో పోరును నిలిపిరి. ఇది మెచ్చదగినది. కాని సొక్కా స్త్రీలను చులకన చేయు మాటలను తగ్గించితిమని నటులే ముందుగా తెలిపిరి. ఉద్దేశము మంచిదే కావచ్చును. అయితే తప్పు చేయని అన్నకు దిద్దుబాటేల? పిల్లలకు చూపవలసినది దోషము లేని బాలుడు కాదు, దోషమును తెలిసికొని సిగ్గుపడి మారిన బాలుడు. అట్టివాడే మన యిండ్లలోని కుమారునకు పనికివచ్చును.

కథను ఒక రూపమునుండి మరియొక రూపమునకు మార్చునప్పుడు కొంత విడువక తప్పదు. సంఘటనలను విడిచినను బాధ లేదు. వాని వెనుకనున్న హృదయమును విడువరాదు. కావున సెలవులలో పిల్లలకు మూలమైన బొమ్మల కథనే ముందుగా చూపుడు. కొడుకును కూతురును ప్రక్కప్రక్కను కూర్చుండబెట్టుకొని చూపుడు. మేజోళ్ళ ముచ్చట వచ్చినప్పుడు పిల్లలు నవ్వుదురు, నవ్వనిండు. ఆ నవ్వు ముగిసిన పిమ్మట, మన యింట ఉతుకువారెవరని కొడుకును అడుగుడు. పదిహేను కోట్ల డాలర్ల చిత్రము చేయలేని పని ఆ యొక్క ప్రశ్న చేయగలదని మా నమ్మకము.